సోదా వారంటుపై జడ్జి ఎప్పుడు సంతకం పెట్టవచ్చు?

1953 నవంబరు 25న పోలీసులు ఒకేసారి 34 చోట్ల సోదాలు మొదలుపెట్టారు. మూసివేత దశకు చేరిన దాల్మియా జైన్ ఎయిర్‌వేస్ కంపెనీ లెక్కల్లో మోసాలు జరిగాయన్న ఆరోపణపై దర్యాప్తు అది. వారంట్లు ఇచ్చింది ఢిల్లీ జిల్లా మేజిస్ట్రేట్. పోలీసులు గుట్టలకొద్దీ కాగితాలు పట్టుకుపోయారు. సోదాలకు గురైనవాళ్లు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. మా కాగితాలు లాక్కుని మా మీదే సాక్ష్యంగా వాడితే, మాకు వ్యతిరేకంగా మా చేతే బలవంతంగా సాక్ష్యం చెప్పించినట్టు కాదా అన్నది వారి ప్రధాన వాదన. 8 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1954 మార్చి 15న తీర్పు ఇచ్చింది. ధర్మాసనం తరఫున తీర్పు రాసినవారు జస్టిస్ జగన్నాథదాస్. సోదా వేరు, సాక్ష్యం చెప్పించడం వేరు అని కోర్టు తేల్చింది. సోదా చేసే అధికారం ప్రతి రాజ్యానికీ ఉంటుందని, దానికి పగ్గాలు వేసేది చట్టమని అంది. అకారణ సోదాల నుంచి గోప్యతను కాపాడే, అమెరికా రాజ్యాంగంలో ఉన్న నాలుగో సవరణ వంటిది మన రాజ్యాంగ నిర్మాతలు పెట్టలేదు కాబట్టి, అర్థం చెప్పే పేరుతో దాన్ని మేం తెచ్చి పెట్టలేమని కూడా స్పష్టం చేసింది.

మన రాజ్యాంగంలో ఆ రక్షణ ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం 1947లో దొరుకుతుంది. ప్రాథమిక హక్కుల ఉపసంఘం మొదట రాసుకున్న ముసాయిదాలో అది ఉంది. మనుషులకూ, ఇళ్లకూ, కాగితాలకూ అకారణ సోదాల నుంచి రక్షణ ఉండాలని అందులో రాశారు. దానికి అభ్యంతరం చెప్పినవారిలో ఒకరు నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మరొకరు రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు. కోర్టు వారంటు లేకుండా సోదా చేయకూడదని దీనికి అర్థం వస్తే, అప్పటికే పోలీసులకు ఉన్న అధికారాలు దెబ్బతింటాయని రావు హెచ్చరించారు. ఆ వాక్యం ముసాయిదాలోంచి పోయింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దాన్ని సవరణగా మళ్లీ ముందుకు తెచ్చారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ రక్షణ ఇప్పటికే ఉన్నా, శాసనసభలు తీసేయలేనిచోట ఉండటం మంచిదేనని అంబేడ్కర్ సమ్మతించారు. అయినా ఓటింగులో అది నెగ్గలేదు.

ఆ ఓటు ఫలితం ఈనాటికీ మన ఇళ్ల మీద ఉంది. అమెరికాలో ఒక శాసనం సోదాను సులభం చేయాలంటే రాజ్యాంగాన్ని దాటాలి. ఇక్కడ మామూలు మెజారిటీతో పార్లమెంటు చేసే చట్టమే రక్షణ కూడా, దాన్ని సడలించే మార్గం కూడా. 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం జస్టిస్ పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, గోప్యత గురించి 1954 తీర్పు అన్నదాన్ని పక్కన పెట్టింది. చట్టం ఉండాలి, దానికి సరైన లక్ష్యం ఉండాలి, వాడే అధికారం ఆ లక్ష్యానికి మించకుండా ఉండాలి అని 3 కొలతలు చెప్పింది. ఆ కొలతలతో సోదా సెక్షన్లను ఒక్కొక్కటిగా తూచే పని మాత్రం చాలావరకు మిగిలే ఉంది. అందుకే ఎవరి ఇంటికి పోలీసులు వచ్చినా ముందుగా చూడాల్సింది చట్టంలోని సెక్షన్లనే.

ఆ చట్టం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 484 సెక్షన్ల 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో 531 సెక్షన్లతో 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. సోదాల సెక్షన్ల అంకెలు మారాయి గాని సారం పెద్దగా మారలేదు. పాత 93 ఇప్పుడు 96, పాత 94 ఇప్పుడు 97, పాత 97 ఇప్పుడు 100. సోదా ఎలా చేయాలో చెప్పే పాత 100 ఇప్పుడు 103. వారంటు లేని సోదా గురించి చెప్పే పాత 165 ఇప్పుడు 185. పాత తీర్పులు చదివేవారు ఈ అయిదు జతలు గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నిటికీ మూలం సెక్షన్ 96. దీని ప్రకారం కోర్టు సోదా వారంటు ఇవ్వదగిన సందర్భాలు 3. మొదటిది: ఫలానా కాగితం లేదా వస్తువు తెచ్చి ఇవ్వమని సెక్షన్ 94 కింద సమన్లు పంపినా, పంపబోయినా, ఆ మనిషి ఇవ్వడని కోర్టు నమ్మడానికి కారణం ఉండాలి. రెండోది: ఆ వస్తువు ఎవరి దగ్గర ఉందో కోర్టుకు తెలియకపోవాలి. మూడోది: విచారణకైనా, ఇతర ప్రొసీడింగ్స్‌కైనా సాధారణ సోదా వల్ల ప్రయోజనం ఉంటుందని కోర్టు భావించాలి. మొదటి రెండిటికీ గీత ఉంది. ఒక వస్తువు ఉంటుంది, దాని కోసం వెతుకుతారు. మూడోదానికి ఆ గీత చాలా పలుచన. ఏం దొరుకుతుందో ముందే చెప్పనక్కర్లేని సోదా అది. ఈ సెక్షన్ మొత్తంలో పౌరుడు భయపడాల్సిన భాగం ఏదైనా ఉంటే ఈ మూడోదేనని నా అభిప్రాయం.

నిందితుడి విషయానికి వస్తే ఈ మూడూ ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. నీ మీద నువ్వే సాక్ష్యం తెచ్చివ్వు అని నిందితుడికి సమన్లు పంపకూడదని 1964 డిసెంబరులో గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ శ్యామ్‌లాల్ మోహన్‌లాల్ చోక్సీ కేసులో 5 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. రాజ్యాంగంలోని అధికరణ 20(3) దానికి ఆధారం. సమన్లే పంపకూడనప్పుడు, పంపినా ఇవ్వడు కాబట్టి వారంటు అన్న మొదటి కారణం నిందితుడికి వర్తించదు. 1979లో కేరళ నుంచి వచ్చిన కుట్టన్ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, మూడో కారణం కింద సాధారణ సోదా వారంటు ఇస్తే తప్పు లేదని చెప్పింది. సోదాలో నిందితుడు చేసే పని ఏమీ లేదు, వచ్చినవాళ్లే వెతుక్కుంటారు కాబట్టి అది బలవంతపు సాక్ష్యం కాదన్నది అక్కడి లెక్క. ఫలితంగా గీత గట్టిగా ఉన్న మార్గం నిందితుడి విషయంలో మూసుకుపోయి, గీత పలుచగా ఉన్న మార్గమే తెరిచి ఉంది. అదే తీర్పులో కోర్టు ఒక షరతు పెట్టింది. సోదా వారంటు జారీ చేయడం చిన్న విషయం కాదని, యాంత్రికంగా ఒక్క ముక్కలో ఆర్డరు రాసి పడేయకూడదని, మేజిస్ట్రేట్ తన బుద్ధిని ఉపయోగించినట్టు కారణాల్లో కనిపించాలని చెప్పింది. వారంటును హైకోర్టులో సవాలు చేసే లాయర్లు మొదట వెతికేది ఆ కారణాలనే.

కారణాలు ఎక్కడ కనిపించాలో తెలియాలంటే వారంటు కాగితాన్ని దగ్గరగా చూడాలి. చట్టం చివరి షెడ్యూలులో దాని నమూనా ఉంది. నమూనా ప్రకారం ఫలానా నేరం జరిగినట్టు లేదా జరిగిందన్న అనుమానంతో నాకు సమాచారం అందింది అని ముందుగా రాయాలి. ఆ నేరం పేరు ఖాళీలో నింపాలి. విచారణకు ఫలానా వస్తువు అవసరమని నాకు కనిపించింది అని తర్వాతి వాక్యం. అక్కడి ఖాళీ పక్కన వస్తువును స్పష్టంగా పేర్కొనాలన్న సూచన ఉంటుంది. మూడో ఖాళీలో ఇల్లు, స్థలం, లేదా అందులో సోదా పరిమితం కావాల్సిన భాగం రాయాలి. ఆఖరున, వస్తువు దొరికితే వెంటనే కోర్టుకు తేవాలి, ఈ వారంటు కింద ఏం చేశారో దాని మీదే రాసి తిరిగి ఇవ్వాలి అన్న ఆదేశం. వీటికి తోడు సంతకం, కోర్టు ముద్ర. వీటిలో ఏ ఖాళీ నింపకుండా వదిలేసినా, లేక "తదితర వస్తువులు" అన్న ఒక్క పదంతో నింపేసినా, ఆ వారంటుకు బలం తగ్గినట్టే.

ఒక విషయం మాత్రం ఈ నమూనాలో లేదు, చట్టంలోనూ లేదు. అది గడువు. అరెస్టు వారంటుకు ఉన్న నియమాలే సోదా వారంటుకూ వర్తిస్తాయి కాబట్టి, అమలు చేసేదాకానో కోర్టు రద్దు చేసేదాకానో అది చెల్లుతూనే ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ కోర్టుల 41వ నియమం ప్రకారం వారంటును 14 రోజుల్లోపు అమలు చేయాలి. మేజిస్ట్రేట్ ప్రత్యేక కారణంతో అనుమతిస్తే తప్ప ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపే ఆ పని జరగాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ల ఇంటికి ఎఫ్‌బీఐ వెళ్లినా ఇదే లెక్క. మన దగ్గర 14 లేదు, 6 లేదు, 10 లేదు. జనవరిలో తెచ్చుకున్న వారంటుతో ఆగస్టులో ఇంటికొస్తే, జనవరిలో ఉన్న కారణం ఆగస్టుకు మిగిలి ఉందా అని అడిగేవారు లేరు. ఇది సవరణతో సరిచేయదగిన లోటు. 2023లో కొత్త చట్టం రాసినప్పుడు ఆ అవకాశం చేజారింది.

వారంటు ఎవరు ఇవ్వాలన్నది కూడా ఒకేలా లేదు. సెక్షన్ 96 కింద ఏ కోర్టయినా ఇవ్వవచ్చు. కాని పోస్టాఫీసు కస్టడీలో ఉన్న పార్సిలు కోసమైతే జిల్లా మేజిస్ట్రేట్, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ తప్ప మరో మేజిస్ట్రేట్‌కు అధికారం లేదు. దొంగసొత్తు, దొంగనోట్లు, నకిలీ ముద్రలు, ఫోర్జరీ పత్రాలు దాచారన్న చోటికి సెక్షన్ 97 వారంటు. దీన్ని జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఇవ్వవచ్చు. అందిన సమాచారం మీద అవసరమైన మేరకు ఎంక్వైరీ చేసుకున్నాకే ఇవ్వాలి. తీసుకువెళ్లే పోలీసు అధికారి కానిస్టేబుల్ కంటే పై హోదావాడై ఉండాలి.

సెక్షన్ 100 వస్తువుల కోసం కాదు, మనుషుల కోసం. ఎవరినైనా నేరమయ్యే పద్ధతిలో బంధించారని నమ్మడానికి కారణం ఉంటే, పై ముగ్గురిలో ఎవరైనా వారంటు ఇవ్వవచ్చు. మనిషి దొరికితే వెంటనే మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి. మన రెండు రాష్ట్రాల్లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అంటే ఆర్డీవో. ఇటుక బట్టీలో అడ్వాన్సు తీరలేదని కుటుంబాన్ని కదలనివ్వకపోతే కోర్టు గుమ్మం దాకా వెళ్లలేని కూలీకి ఆర్డీవో ఆఫీసు దగ్గరే దొరికే అస్త్రం ఇది. దీన్ని విడిపోయిన భార్యాభర్తలు పిల్లల కోసం వాడాలని చూస్తుంటారు. తండ్రి దగ్గరున్న 9 ఏళ్ల కొడుకును అక్రమ నిర్బంధంలో ఉన్నట్టు లెక్కించి ఈ సెక్షన్ వాడకూడదని సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. అలాంటి తగాదాకు దారి కస్టడీ పిటిషన్.

ఇంతవరకు చెప్పుకున్నది మేజిస్ట్రేట్ సంతకం ఉన్న సోదాల సంగతి. రోజువారీ దర్యాప్తులో పోలీసులు ఎక్కువగా పట్టుకునేది సెక్షన్ 185ను. దానికి వారంటు అక్కర్లేదు. కాని అధికారి ఊరికే వచ్చి తలుపు నెట్టడానికి అది లైసెన్సు కాదు. స్టేషన్ హౌస్ ఆఫీసరైనా, దర్యాప్తు అధికారైనా 4 అంశాలు ఉన్నాయని చూపించగలగాలి. తాను దర్యాప్తు చేస్తున్న నేరానికి ఆ వస్తువు అవసరమై ఉండాలి. అది తన స్టేషన్ పరిధిలో ఫలానా చోట దొరుకుతుందనడానికి సరైన ఆధారం ఉండాలి. ఆలస్యం కాకుండా మరోలా దాన్ని సంపాదించడం కుదరకపోవాలి. ఈ నమ్మకానికి కారణాలేమిటో, వెతికేదేమిటో సోదాకు ముందే రాసి పెట్టాలి. కొత్త చట్టం ఆ కారణాలను కేస్ డైరీలో రాయమంది. ఆ రికార్డు నకలును అప్పటికప్పుడు, ఎట్టి పరిస్థితుల్లోనూ 48 గంటలు దాటకుండా, దగ్గరి మేజిస్ట్రేట్‌కు పంపమంది. సీఆర్‌పీసీలో ఉన్నది "వెంటనే" అన్న మాట మాత్రమే. 48 అన్న అంకె 2023 చట్టం తెచ్చిన మేలు.

ఇంటి యజమాని, లేదా అందులో ఉంటున్న కిరాయిదారు, మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెడితే ఆ రికార్డు నకలు ఉచితంగా ఇవ్వాలన్న నియమం కూడా అదే సెక్షన్‌లో ఉంది. దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ. సోదా జరిగిన వారంలోపు ఈ దరఖాస్తు పడితే, ఏ కారణంతో వచ్చారో కాగితం మీద తేలిపోతుంది. తర్వాత చార్జిషీటులో కారణం మారిస్తే వెంటనే పట్టుబడుతుంది. సోదా ఎదుర్కొన్న ప్రతి కుటుంబమూ చేయాల్సిన మొదటి పని ఇదేనని గట్టిగా చెబుతాను.

హైదరాబాద్‌లోనూ, జిల్లాల్లోనూ పేపర్లు నిర్బంధ తనిఖీలు అనీ, కార్డన్ సెర్చ్ అనీ రాసే కార్యక్రమాన్ని ఈ 4 అంశాలతో పోల్చి చూడాలి. తెల్లవారకముందే బస్తీ చుట్టూ పోలీసులు మోహరిస్తారు. ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడుగుతారు. కాగితాలు లేని బైకులు వ్యానెక్కిస్తారు. ఆ పేరుతో సురక్షా సంహితలో సెక్షన్ లేదు. ఒక నేరం, ఒక వస్తువు, ఒక చోటు, రాసి ఉన్న ఒక కారణం కావాలని చట్టం అంటుంటే, ఒక కాలనీ మొత్తానికి కలిపి అలాంటి కారణం ఎవరు రాయగలరు? 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో 6 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, నిఘా పేరుతో పోలీసులు రాత్రిపూట ఇంటి తలుపు తట్టడాన్ని అనుమతించిన ఉత్తరప్రదేశ్ నిబంధనను కొట్టేసింది. కొట్టేయడానికి కారణం, దాని వెనుక చట్టం లేకపోవడం. ఆ తీర్పు వచ్చి 60 ఏళ్లు దాటింది. రేకుల ఇళ్ల బస్తీల్లో తలుపులు ఇంకా మోగుతూనే ఉన్నాయి, గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ తనిఖీలు జరిగిన వార్త అరుదు.

పోలీసులు లోపలికి వచ్చాక ఏం జరగాలో సెక్షన్ 103 చెబుతుంది. వారంటు ఉన్నా లేకున్నా ఇది వర్తిస్తుంది. సోదాకు ముందే ఆ ప్రాంతంలోని ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది అయినా సరే, స్వతంత్రులైన పెద్దమనుషులను పిలవాలి. ఆ ప్రాంతంలో ఎవరూ ముందుకు రాకపోతే వేరేచోటి వాళ్లను పిలవవచ్చు. సరైన కారణం లేకుండా రాననడం నేరం. మన దగ్గర వీళ్లను మధ్యవర్తులు అంటారు, రాసిన కాగితాన్ని పంచనామా అంటారు. ఇంట్లో ఉన్న మనిషిని సోదా చూడనివ్వాలి. ఏ వస్తువు ఏ చోట దొరికిందో జాబితా రాసి, మధ్యవర్తులతో సంతకం చేయించి, ఒక కాపీ ఇంటివాళ్లకు ఇవ్వాలి. ఆడవాళ్ల ఒంటి మీద సోదా చేయాల్సి వస్తే మరో ఆడమనిషే, మర్యాద తప్పకుండా చేయాలి. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకుని స్టేషన్‌లో పంచనామా నింపుకున్నారన్న ఆరోపణ మన క్రిమినల్ కోర్టుల్లో పాతబడిపోయిన ఫిర్యాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మధ్యవర్తి "నన్ను స్టేషన్‌కు పిలిచి సంతకం పెట్టమన్నారు" అని చెప్పేసి హోస్టైల్ అయిపోవడం లాయర్లకు నిత్యం కనిపించేదే.

దానికి మందుగా 2023 చట్టం సెక్షన్ 105 తెచ్చింది. సోదా మొత్తాన్ని, జాబితా రాయడాన్ని, మధ్యవర్తుల సంతకాలను కూడా వీడియో తీయాలి. మొబైల్ ఫోన్‌తో తీస్తే మంచిదని చట్టమే అంటోంది. ఆ రికార్డింగును ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇక్కడ మాత్రం గంటల అంకె వేయలేదు. కారణాల కాగితానికి 48 గంటలు పెట్టినవారు వీడియోకూ అదే పెట్టి ఉంటే, మధ్యలో ఫైలు ఎవరి చేతిలో ఎంతసేపు ఉందన్న ప్రశ్నే వచ్చేది కాదు.

గంజాయి కేసుల్లో లెక్క ఇంకా కచ్చితం. విశాఖ మన్యం మీద వచ్చే వార్తల్లో తరచూ కనిపించే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో, మేజిస్ట్రేట్ వారంటు సెక్షన్ 41లో ఉంది, వారంటు లేని సోదా సెక్షన్ 42లో. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా అధీకృత అధికారి వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్లవచ్చు. పొద్దుగూకాక వెళ్లాలంటే, వారంటు కోసం ఆగితే సరుకు మాయమవుతుందనో నేరస్తుడు పారిపోతాడనో నమ్మకానికి కారణాలు రాసుకోవాలి. అందిన సమాచారం, రాసుకున్న కారణాల నకలు 72 గంటల్లో పై అధికారికి పంపాలి. ఈ పద్ధతి పూర్తిగా పాటించకపోతే కేసే కూలిపోవచ్చని 1994 నుంచి 2009 దాకా సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. సరైన అనుమానం లేకుండా సోదా చేసిన అధికారికి సెక్షన్ 58 కింద 6 నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. శిక్ష చిన్నదే. అయినా సోదా చేసినవాడి మీద శిక్ష రాసిపెట్టిన చట్టాలు మనకు ఎక్కువ లేవు.

కారణం రాయనక్కర్లేని సోదా ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే హైదరాబాద్ కేసు ఒకటి ఉంది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 17వ నంబరు చట్టంతో స్టాంపు చట్టంలోని సెక్షన్ 73ను మార్చింది. అంతకుముందు తనిఖీ ప్రభుత్వాఫీసుల్లోని రికార్డులకే పరిమితం. మార్పు తర్వాత, పత్రాలు ఎవరి దగ్గరున్నా సరే, కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన "ఏ వ్యక్తయినా" వాళ్ల ఆవరణలోకి వెళ్లి చూడవచ్చు, నోట్సు రాసుకోవచ్చు, అవసరమనుకుంటే పట్టుకుపోవచ్చు. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారేమోనని బ్యాంకుల్లోని ఖాతాదారుల పత్రాల మీద దీన్ని ప్రయోగించారు. బ్యాంకు దగ్గర ఉన్నవి బ్యాంకు కాగితాలు కావు. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లవి, కుటుంబ ఆస్తి పంపకాలు చేసుకున్నవాళ్లవి. హైకోర్టు ఈ సవరణను కొట్టేసింది. జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్ పేరుతో అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 నవంబరు 1న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ లాహోటీ తీర్పు ఇచ్చారు.

ఆ తీర్పు ఈనాటికీ చదవదగింది. అధికారం పొందే మనిషికి ఏ హోదా ఉండాలో చట్టం చెప్పలేదు. సోదాకు ముందు కారణం రాయాలని చెప్పలేదు. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో మార్గదర్శకం లేదు. ఈ మూడు లోపాలతో సెక్షన్ నిలవదని కోర్టు తేల్చింది. దానికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తన కాగితాన్ని బ్యాంకుకు ఇచ్చిన మాత్రాన మనిషి దాని మీద గోప్యతను వదులుకున్నట్టు కాదని, గోప్యత స్థలానికి కాక మనిషికి చెందుతుందని చెప్పింది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ కేసులో దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పింది. మన కోర్టు ఆ దారిలో నడవలేదు. పుట్టస్వామి తీర్పుకు 13 ఏళ్ల ముందే, ఒక స్టాంపు డ్యూటీ తగాదాలో, గోప్యత గురించి ఇంత స్పష్టత వచ్చింది. సవరణ వచ్చిన 1986 నుంచి అది పూర్తిగా పోయిన 2004 దాకా 18 ఏళ్లు పట్టిందన్నది కూడా మరిచిపోకూడదు.

మేజిస్ట్రేట్‌తో పనే లేని సోదాలు మరో వరుస. ఆదాయ పన్ను సోదాకు ఆ శాఖ ఉన్నతాధికారే అధికారమిస్తారు. జీఎస్టీలో జాయింట్ కమిషనర్, ఆపై హోదావారు. ఈడీ సోదాలో అధికారి కారణాలు రాసి, సీల్డ్ కవరులో అడ్జుడికేటింగ్ అథారిటీకి పంపుతారు. ఈ మూడు వ్యవస్థల్లోనూ సోదాకు ముందు చూసే జడ్జీల సంఖ్య సున్నా. 2017 ఫైనాన్స్ చట్టం ఇంకో అడుగు వేసింది. ఆదాయ పన్ను సోదాకు నమ్మకం కలిగించిన కారణాన్ని ఏ వ్యక్తికీ, ఏ అథారిటీకీ, అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు కూడా చెప్పనక్కర్లేదని రాసింది. దాన్ని 1962 ఏప్రిల్ 1 నుంచే వర్తింపజేసింది, అంటే 55 ఏళ్లు వెనక్కి. హైకోర్టు రిట్‌లో ఫైలు తెప్పించుకుని చూడగలగడం ఒక్కటే మిగిలిన దారి. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న 2025 ఆదాయ పన్ను చట్టం సోదా పరిధిని ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు, క్లౌడ్ సర్వర్ల దాకా పెంచింది. పరిధి పెరిగినప్పుడు పహరా కూడా పెరగాలి. ఇక్కడ పరిధి ఒక్కటే పెరిగింది.

నియమాలు తప్పి సోదా చేస్తే ఏమవుతుంది? 1960ల తొలినాళ్లలో ఒక పోస్ట్‌మ్యాన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బట్వాడా చేయాల్సిన రిజిస్టర్డ్ ఉత్తరాలు అతని ఇంట్లో దొరికాయి. సోదా పద్ధతి ప్రకారం జరగలేదన్నది అతని వాదన. అక్రమ సోదాను ఆ సమయంలో అడ్డుకునే హక్కు ఇంటివాడికి ఉంటుందని, అలా దొరికినదాన్ని కోర్టు జాగ్రత్తగా పరిశీలిస్తుందని, అయితే స్వాధీనం చేసుకున్న వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని కోర్టు చెప్పింది. 1973 డిసెంబరులో పూరణ్‌మల్ కేసులో 5 మంది న్యాయమూర్తులు అదే స్థిరపరిచారు. అమెరికాలో 1961 నాటి మ్యాప్ కేసు తర్వాత అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని రాష్ట్రాల కోర్టులు కూడా తోసిపుచ్చాలి. అక్కడ పోలీసు వారంటు కోసం మేజిస్ట్రేట్ దగ్గరికి పరుగెత్తడానికి అసలు కారణం ఇదే. వారంటు లేకపోయినా సాక్ష్యం నిలబడే చోట, ఆ పరుగు ఎవరు పెడతారు?

చివరిగా ఫోను. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్లను ఆపి, ఫోను తెరిపించి, వాట్సాప్ చాట్లలో గంజాయి అన్న పదం కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. అందులో నేరం లేదు, నిందితుడు లేడు, రాసిన కారణం లేదు. అదే ఏడాది మార్చిలో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో ఫోనులోని సమాచారం, ఈమెయిల్ ఖాతా చూడాలంటే మామూలుగా సోదా వారంటు తెచ్చుకోవాలని, అత్యవసరంలో వారంటు లేకుండా చూస్తే కారణాలు రాయాలని చెప్పింది. ఇది మన రెండు హైకోర్టులనూ కట్టిపడేసే తీర్పు కాదు. కాని వాదనలో చూపించదగిన తీర్పు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు కార్పెంటర్ కేసులో ఫోను కంపెనీ దగ్గరున్న 127 రోజుల లొకేషన్ రికార్డు తీసుకోవడానికి కూడా వారంటు కావాలని 5-4తో తేల్చింది.

మన కొత్త చట్టం సెక్షన్ 94లో కమ్యూనికేషన్ పరికరాలను పేరు పెట్టి చేర్చింది. కాబట్టి ఫోను కోసం సెక్షన్ 96 వారంటు ఇవ్వవచ్చన్నదానిలో ఇప్పుడు సందేహం లేదు. ఫోనులో ఎంతవరకు చూడాలన్నదే ప్రశ్న. దానికి సాధనం సెక్షన్ 96 రెండో ఉపవిభాగంలో ఉంది. సోదా జరగాల్సిన స్థలాన్ని, లేదా అందులోని భాగాన్ని కోర్టు నిర్దిష్టంగా రాయవచ్చు. అలా రాస్తే వారంటు తీసుకువెళ్లిన అధికారి ఆ భాగాన్ని దాటి చూడకూడదు. 1898 నాటి కోడ్ నుంచి ఇంటి గదుల కోసం నడిచివచ్చిన నియమం ఇది. ఫోనుకు వర్తింపజేయడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. చీటింగ్ కేసులో ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు, ఫలానా ఇద్దరి మధ్య చాట్లు, ఫలానా బ్యాంకు యాప్‌లోని లావాదేవీలు అని మేజిస్ట్రేట్ మూడో ఖాళీలో రాయవచ్చు. గ్యాలరీలోని పిల్లల ఫొటోలు, డాక్టరుతో మాట్లాడుకున్న సందేశాలు అప్పుడు సోదాకు బయటే ఉంటాయి. ప్రాసిక్యూషన్ వారంటు అడిగిన రోజున ఈ పరిమితి రాయమని కోరడానికి నిందితుడి లాయరు సాధారణంగా అక్కడ ఉండరు, పిటిషన్ వేసిన సంగతే వాళ్లకు తెలియదు. ఆ పరిమితిని రాయాల్సింది మేజిస్ట్రేటే. ఆర్డరు నకలు చేతికి వచ్చాక, పరిమితి రాయలేదని తేలితే, ఫోను ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లేలోపు దాన్ని సవాలు చేయాలి.